ఎదురుకాళ్లవాడి ఆదివారం

అది ఆదివారం. మధ్యాహ్నం రెండున్నర. తలుపు తీసే ఉంది కాబట్టి లోపలి గోడ గడియారం నాకు వాకిట్లో నుంచే కనిపించింది. పెద్దముల్లు సరిగ్గా ఆరు మీద ఉంది. కావాలనే చూసి గుర్తు పెట్టుకున్నాను. తర్వాత ఎవరికి చెప్పినా నమ్మరని నాకు అప్పుడే తెలుసు. నమ్మలేదు కూడా. అందుకే రాస్తున్నాను. ఆ రోజు అక్కడ ఎవరెవరు ఉన్నారో కూడా చెప్తాను. పేర్లు మాత్రం రాయను. మాది రామన్నపేట దగ్గర చిన్న ఊరు. ఒక్క పేరు రాస్తే చాలు, మిగతా అందరూ తెలిసిపోతారు.

నేను కాళ్లు ముందుగా బయటికి వచ్చి పుట్టాను. తల రావాల్సిన చోట కాళ్లు వచ్చాయట, మా అమ్మ చచ్చి బతికిందట. మా వైపు ఇలా పుట్టినవాణ్ణి ఎదురుకాళ్లవాడు అంటారు. నడుము పట్టినా మెడ పట్టినా ఎదురుకాళ్లవాడు ఎడమ కాలితో తాకితే పోతుందని నమ్మకం. ఆదివారం పొద్దున, ఎండ ముదరకముందు, ఏమీ తినకుండా రావాలి. గోనె సంచి మీద బోర్లా పడుకోవాలి. నేను ఒక చేత్తో గోడ పట్టుకుని, ఎడమ మడమ నొప్పి ఉన్న చోట పెట్టి, కొంచెం బరువు వేసి తీస్తాను. అంతే. మంత్రం లేదు, మందు లేదు. డబ్బు తీసుకోకూడదు. వచ్చినవాళ్లు పోయేటప్పుడు పోయొస్తానని చెప్పకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే నొప్పి వెంటే వస్తుందంటారు.

ఇదంతా నాకు ఊహ తెలియకముందే మొదలైంది. నడక రాని నన్ను చంకలో ఎత్తుకుని, పెద్దవాళ్ల నడుముల మీద నా పాదం ఆనించేవారట. తర్వాత గొర్రెలు కాసే వయసు వచ్చింది. ఆదివారాలు మాత్రం మా మంద ఆలస్యంగా కదిలేది. గొర్రెలు దొడ్లో అరుస్తుంటే నేను ఎవరి వీపు మీదనో కాలు పెట్టి నిలబడి ఉండేవాణ్ణి. పెళ్లయి వచ్చాక మా ఇంటామె ఇది చూసి చాలా నవ్వింది.

"వాళ్లది ఎట్లయినా మూడొద్దులల్ల పోయే నొప్పే. రెండో రోజు నీ దగ్గరికొస్తరు. మూడో రోజు నీ పేరు జెప్తరు" అనేది.

ఆ మాటకు నేను ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. నా కాలులో ఏముందో నాకు తెలియదు. తెలిసినట్టు నటించలేదు కూడా. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు.

మా బావి నీళ్లు ఎముకలు తినే నీళ్లు. ఫ్లోరైడ్ అనే పేరు తర్వాత తెలిసింది గానీ, పేరు తెలియని రోజుల నుంచే తాగుతున్నాం. మా ఇంటామె నడుము నలభై దాటేసరికి వంగడం మొదలుపెట్టింది. చివరికి నేల మీద పడ్డ సూది ఆమెకు అందరికంటే ముందు కనిపించేది. నా మొహం చూడాలంటే మాత్రం పక్కకు తిరిగి, తల వాల్చి చూడాల్సి వచ్చేది. ఆదివారం అందరూ వెళ్లిపోయాక వచ్చి గోనె సంచి మీద కూర్చునేది.

"ఊరోళ్లకు పెడ్తవు, ఇంటోళ్లకు పెట్టవా?" అనేది.

బోర్లా పడుకోవడం ఆమెకు వచ్చేది కాదు. ఒక పక్కకు ఒరిగేది. నేను బరువు వేయకుండా ఊరికే మడమ ఆనించేవాణ్ణి. "ఆఁ, పోయింది" అని లేచేది. పోలేదని ఇద్దరికీ తెలుసు. అయినా మళ్లీ ఆదివారం వచ్చి కూర్చునేది, నేను మళ్లీ పెట్టేవాణ్ణి. రాష్ట్రం వచ్చిన తర్వాత ఇంటింటికీ మంచి నీళ్ల నల్లా పెట్టారు. మా వాకిట్లో నల్లా తిప్పిన రోజు ఆమె లేదు. మొదటి చెంబు నేనే తాగాను. నీళ్లు చప్పగా ఉన్నాయి.

ఆమె పోయాక గొర్రెలు అమ్మేసి ఒక్క మేకను ఉంచుకున్నాను. ఇంట్లో గడియారం తప్ప చప్పుడు చేసేది ఏదీ లేకపోయింది. ఆ ఏడాదే బడిలో పెద్దవాళ్లకు చదువు చెప్తున్నారని తెలిసి వెళ్లాను. అక్షరాల కోసం కాదు. అక్కడ నలుగురు కూర్చుంటారని. అక్షరాలు కూడా వచ్చాయి, అది వేరే విషయం. కొన్నాళ్లకు ఆ చదువు ఆగిపోయింది. నలుగురూ పోయారు, అక్షరాలు మిగిలాయి. ఇక నా దగ్గరికి మనుషులు వచ్చేది ఆదివారం పొద్దున ఒక్కటే. నిజం చెప్పాలంటే శనివారం నుంచే ఎదురు చూసేవాణ్ణి. ఊళ్లో ఎవరికైనా నడుము పట్టిందని వింటే అయ్యో అనాలి. నాకు మాత్రం రేపు ఒకరు వస్తారనిపించేది.

నాకు ఒక్కతే కూతురు. భువనగిరిలో ఉంటుంది. అల్లుడు లారీ నడుపుతాడు, నెలలో ఎక్కువ రోజులు రోడ్డు మీదే. వాళ్లకు ఒక పాప. అప్పటికి ఆరేళ్లు. మాట రాదు. పిలిస్తే తిరగదు. కుక్కర్ కూత వేస్తే చెవులు మూసుకుని మంచం కిందికి పోతుంది. చేతికి ఏదైనా మూత దొరికితే నేల మీద తిప్పుతూ పూట గడిపేస్తుంది. ఆదివారాలు ఇక్కడికి వచ్చినప్పుడు కూడా, నేను ఎవరి వీపు మీదనో కాలు పెడుతుంటే, పక్కన కూర్చుని అదే పని. నడిస్తే కాలివేళ్ల మీదే నడుస్తుంది, మడమ నేలకు ఆనదు. నేను గొంగడి కప్పబోతే గీపెట్టి దూరంగా విసిరేసింది. అంత గరుకు తాకితే ఓర్చుకోలేదని నాకు ఆ తర్వాత తెలిసింది.

పెద్ద దవాఖానలో ఆటిజం అన్నారు. ఇది మందుతో పోయేది కాదు, ఓపికగా నేర్పించాలి, ఏళ్లు పడుతుంది అన్నారు. ముందు ఎదుటి మనిషి చేసింది చూసి చేయడం రావాలట. మనం చప్పట్లు కొడితే పాప కొట్టాలి, మనం చెయ్యి ఊపితే పాప ఊపాలి. అక్కడి నుంచే మాట మొదలవుతుందట. నా కూతురు ఆ పాప ముందు కూర్చుని అరచేతులు ఎర్రబడేదాకా చప్పట్లు కొట్టేది. పాప మూత తిప్పుకునేది.

అప్పుడు ఎవరో చెప్పారని హైవే పక్కన ఒక వెన్నెముక క్లినిక్‌కు తీసుకెళ్లింది. వాళ్లిచ్చిన రంగుల కాగితం నాకు చూపించింది. కూడబలుక్కుని చదివాను. కైరోప్రాక్టిక్ అనే మాట దగ్గర రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. వెన్నుపూసలు సర్దితే నాడులు తెరుచుకుంటాయట, నాడులు తెరుచుకుంటే పిల్లలు కుదుటపడి మాట్లాడతారట. బాగా రాశారు. నా గురించి ఎవరైనా అచ్చు వేయిస్తే ఇంతకంటే తక్కువేమీ రాయరు.

కానీ నా కూతురు ఎందుకు నమ్మిందో నాకు తెలుసు. ఆమె పెరిగింది ఈ వాకిట్లో. వంగి వచ్చినవాళ్లు ఆ వారంలోనే నిటారుగా తిరగడం చిన్నప్పటి నుంచి చూసింది. వీపు మీద ఒత్తితే మనిషి బాగవుతాడన్న నమ్మకం ఆమెకు ఆ కాగితం ఇవ్వలేదు. ఇక్కడే దొరికింది.

ఇక ఆ ఆదివారం.

పొద్దున ముగ్గురు వచ్చారు. ఒకడు ఆటో నడిపే అబ్బాయి, మెడ పట్టి తల ఒక పక్కకు ఉండిపోయింది. ఒకడు కల్లు గీసే మనిషి, నా ఈడువాడే, నన్ను బావా అంటాడు. తాడి చెట్టు దిగేటప్పుడు నడుము కలుక్కుమందట. మూడో మనిషి పక్కింటి వదిన. ఆమెకు నొప్పి ఏమీ ఉండదు. ప్రతి ఆదివారం వచ్చి అరుగు మీద కూర్చుని ఎవరికి ఏం పట్టిందో చూసి పోతుంది.

"ఏందిరా, పొద్దుగాల సంది ఆ దిక్కే సూస్తున్నవు? పిల్లనిస్తమన్నరా ఎవలన్న?" అంది ఆటో అబ్బాయితో.

"నవ్వియ్యకు పెద్దమ్మా. నవ్వితె గుంజుతాంది."

వాడు గోనె సంచి మీద బోర్లా పడుకున్నాడు. నేను గోడ మీద చెయ్యి వేశాను. అప్పుడే మొదటి బస్సు దిగి నా కూతురు వచ్చింది, పాప రెక్క పట్టుకుని. పాప వేళ్ల మీద నడుస్తూ వచ్చి, నీళ్ల బకెట్ పక్కనున్న వంటగంజు మూత తీసుకుని గోడ వారన తిప్పడం మొదలుపెట్టింది.

"నాయినా, అందరిది అయినంక దీనికి గూడ పెట్టు" అంది నా కూతురు.

"దీనికేమైంది? నడుం పట్టిందా?"

"తెల్వనట్టు అడుగుతవేంది?"

ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది. క్లినిక్‌లో తీసిన వీడియో. బల్ల మీద పాప వెల్లకిలా ఉంది. తెల్ల కోటు మనిషి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. మెత్తగా ఏదో చెప్పాడు. మెడ ఒక్కసారి పక్కకు తిప్పాడు. టక్ మన్నది. పాప అరవలేదు. కదలకుండా ఉండిపోయింది.

"సూసినవా, ఎట్ల కుదురుగ ఉందో. ఇంట్ల ఒక్క నిమిషం ఉండదు. మల్ల బుధారం రమ్మన్నడు. మెడ కాడ ఇంక జర సదరాలెనట. నీ కాలు పడ్డంక పోతె తొందరగ పని జేస్తదని తీస్కొచ్చిన."

"ఎవరన్నరు గట్లని?"

"ఎవరనాలె? నేనే అనుకున్న. ఆయన జేసేది, నువ్వు జేసేది ఒక్కటే గద."

నేను వీడియో మళ్లీ పెట్టాను. ఈసారి మెడ చూడలేదు, కాళ్లు చూశాను. టక్ మన్నప్పుడు పాప కాలివేళ్లు లోపలికి ముడుచుకున్నాయి. వీడియో అయిపోయేదాకా విచ్చుకోలేదు.

"కుదురుగ లేదు బిడ్డా. కుక్క నోట్ల పడ్డ గొర్రెపిల్ల గూడ గిట్లనే ఉంటది."

నా కూతురి మొహం నల్లబడింది. వదిన మధ్యలోకి వచ్చింది.

"ఏం మాటలవి? పెట్టరాదు జర. పసిపిల్ల, నీ మన్మరాలేనాయె."

"అవ్ బావా" అన్నాడు కల్లు గీసే అతను. "ఊరోళ్లకు పెడ్తవు, ఇంటోళ్లకు పెట్టవా?"

అతనికి తెలియక అన్నాడు. ఆ మాట ఆ వాకిట్లో ఇంకొకరిది. ఆమె పోయిన తర్వాత ఎవరి నోటా వినలేదు. నేను గోడ మీద నుంచి చెయ్యి తీసేశాను.

"నా కాల్ల ఏం లేదు" అన్నాను.

మూత తిరుగుతున్న చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

"ఏం లేదంటున్న. ఉంటె దీని అమ్మమ్మ వంగి వంగి సచ్చేదా? ప్రతి ఐతారం పెట్టిన. మీరందరు పోయినంక పెట్టిన. ఒక్క పూస సుత నిటారు కాలె."

నేల మీద నుంచి ఆటో అబ్బాయి గొంతు వచ్చింది. "జర నాది అయినంక జెప్పరాదు మామా గా ముచ్చట?"

వదిన నవ్వబోయి ఆపుకుంది. నా కూతురు నవ్వలేదు.

"మరి గిన్నేండ్లు ఎందుకు పెట్టినవ్ నాయినా?"

"వచ్చిన్రు, పెట్టిన. పెడితె జరసేపు కూసున్నరు. కూసుంటె మాట్లాడిన్రు."

ఆమె పాప వైపు చెయ్యి చూపింది. "నీకు మాట్లాడెటోళ్లు గావాలె. నాకు గూడ గదే గావాలె. నా బిడ్డ నాతోటి ఒక్క మాట మాట్లాడాలె. అమ్మా అంటె సాలు. గంతకంటె ఏమడిగిన?"

"తప్పేం లేదు. గాని మెడ తిప్పితె మాట వస్తదా? నాదే తప్పు గావచ్చు. సదువుకున్నోణ్ణి గాదు. దాని కాలివేళ్లు ఒక్కసారి సూడు. సూసినంక బుధారం పోతవో పోవో నీ ఇష్టం."

ఫోన్ ఇచ్చాను. ఆమె చూసింది. ఒకసారి చూసి, వెనక్కి జరిపి మళ్లీ చూసింది. తర్వాత ఫోన్ సంచిలో వేసుకుంది.

"ఆయన్ను కాదంటివి. నిన్ను నువ్వే కాదనుకుంటివి. ఇంక నేను యాడికి పోవాలె?"

"దవాఖానల జెప్పినోళ్ల కాడికే."

"అది ఏండ్లు పడ్తది నాయినా."

"పడ్తది."

ఓదార్చడం మా ఇంటామెకు వచ్చు, నాకు రాదు. ఆటో అబ్బాయి వంకర మెడతోనే లేచి, సంచి మీది దుమ్ము దులిపి, రామన్నపేట దవాఖానకన్నా పోతానని గొణుక్కుంటూ వెళ్లాడు. కల్లు గీసే అతను నడుము పట్టుకుని అతని వెనకే వెళ్లాడు. వదిన చివరన లేచింది. ఎప్పుడూ వెనక్కి చూడకుండా వెళ్లేవాళ్లు ఆ రోజు ముగ్గురూ మలుపు దాకా తిరిగి తిరిగి చూసుకుంటూ వెళ్లారు.

నా కూతురు అన్నం తినలేదు. పాపకు పెరుగన్నం పెట్టి, లోపల గోడ వైపు తిరిగి పడుకుంది. నిద్రపోయిందో ఏడ్చిందో నేను అడగలేదు. పాప వాకిట్లోనే ఉంది, మూతతో. పొద్దటి నుంచి అంతమంది మాట్లాడినా తల ఎత్తలేదు.

మేకకు నీళ్లు పెడదామని బకెట్ ఎత్తాను. నడుము పట్టేసింది. వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను. నవ్వు వచ్చింది. నవ్వితే గుంజింది. ఎదురుకాళ్లవాడికి నడుము పడితే ఎక్కడికి పోవాలి? నా కాలు నా వీపుకు అందదు. గోడ పట్టుకుని మెల్లగా దిగి, పొద్దున వాడు లేచిన గోనె సంచి మీదే బోర్లా పడుకున్నాను. కూతుర్ని పిలవాలనిపించలేదు. పొద్దున అన్న మాటల తర్వాత నా నొప్పి ఆమెకు ఎలా చెప్పను?

మూత చప్పుడు ఆగింది. నేల మీద చెంప ఆనించి ఉన్నాను కాబట్టి నాకు రెండు చిన్న పాదాలు మాత్రమే కనిపించాయి. వేళ్ల మీద నడుస్తూ వచ్చి నా పక్కన ఆగాయి. నేను కళ్లు మాత్రం పైకెత్తాను. పాప కుడి చెయ్యి గోడకు ఆనించింది. నేను పట్టుకునే చోటు దానికి అందదు, దానికి అందే ఎత్తులో పట్టుకుంది. ఎడమ పాదం పైకి లేచి నా కంటికి కనిపించకుండా పోయింది. తర్వాత నా నడుము మీద ముందు వేళ్లు తగిలాయి. ఆ తర్వాత మడమ దిగింది. నేలకు ఆనని మడమ. కొంచెం బరువు వేసి తీసింది.

తల తలుపు వైపు తిప్పి గడియారం చూసింది అప్పుడే.

పిలిస్తే బెదురుతుందని పిలవలేదు. పాప తిరిగి మూత దగ్గరికి వెళ్లిపోయింది. వెనక్కి చూడలేదు.

సాయంత్రం బస్సు కోసం నిలబడినప్పుడు కూతురికి చెప్పాను.

"పొద్దున ఏం లేదంటివి. ఇప్పుడు అది కాలు పెట్టిందంటున్నవ్. నా మనసు నిమ్మలానికి జెప్తున్నవా?"

"లేదు బిడ్డా. నా నొప్పి పోయిందంటలేను. ఇంక గుంజుతనే ఉంది. అది సూసి జేసింది, గది జెప్తున్న. గోడ సుత పట్టుకుంది."

"నేను దాని ముంగట కూసొని చేతులు పల్గంగ చప్పట్లు కొట్టిన. ఒక్కనాడు సూడలె. నువ్వు జేసింది సూసిందా?"

ఆ మాటలో కోపం ఉందో దుఃఖం ఉందో తెలియలేదు. బస్సు వచ్చింది. ఎక్కారు.

బుధవారం సాయంత్రం ఫోన్ చేసింది. "పోలె" అంది. అంతే అని పెట్టేసింది. తర్వాత హైదరాబాద్ వైపు ఒక చోట ఇలాంటి పిల్లలకు ఆటలతో, మాటలతో నేర్పిస్తారని తెలిసి, అక్కడే గది కిరాయికి తీసుకుంది. ఇప్పుడు ఇక్కడికి రావడం చాలా తక్కువ. పాపకు ఇంకా మాట రాలేదు. ఏళ్లు పడుతుందన్నారు కదా, పడుతోంది.

నా నడుము నొప్పి మూడో రోజుకు పోయింది. ఎట్లయినా పోయేదే.

ఆదివారాలు ఇప్పుడు ఎవరూ రారు. మెడ పట్టినవాళ్లు దవాఖానకు పోతున్నారు, మంచిదే. వదిన కూడా రావడం మానేసింది. ఆమెకు ఎప్పుడూ నొప్పి లేదు, రావడానికి ఒక వంక ఉండేది. దాన్ని నేనే తీసేశాను. పొద్దున లేచి గోనె సంచి దులిపి పరుస్తాను, ఎండ ముదిరాక మడిచి పెడతాను. మానేద్దామనుకుంటాను గానీ చెయ్యి ఊరుకోదు.

మొన్న కూతురు ఫోన్ చేసింది. తిన్నావా, మేక ఎట్లుంది అని అడిగింది.

"నాయినా, గా రోజు గోడ పట్టుకున్నదంటివి గద. ఏ చెయ్యితోటి?"

"కుడి చెయ్యి. కాలు ఎడమది."

"గంతేనా?"

"గంతే."

"సరే" అని, ఈసారి వెంటనే పెట్టలేదు. ఇద్దరం ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే ఉన్నాం. వెనక ఎక్కడో మూత తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

ఆ రోజు ఉన్నవాళ్లను చెప్తానన్నాను. పొద్దున: మెడ పట్టిన ఆటో అబ్బాయి, నడుము పట్టిన కల్లు గీసే బావ, ఏమీ పట్టని పక్కింటి వదిన, మొదటి బస్సుకు వచ్చిన నా కూతురు, నా మనవరాలు, నేను. మధ్యాహ్నం రెండున్నరకు: లోపల గోడ వైపు తిరిగి పడుకున్న నా కూతురు, నీళ్ల కోసం అరుస్తున్న మేక, నా మనవరాలు, నేను.